మతి చలించిన పైలట్ కథ ఇక చాలు



గత సంచికలో హిరోషిమా మీద వచ్చిన వ్యాసం చివర్లో, బాంబు వేసిన పైలట్ పశ్చాత్తాపంతో మతి చలించి పోయాడన్న మాట మళ్లీ కనిపించింది. ఈ కథ మన దగ్గర ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. నేను ఫిజిక్సు పాఠం చెప్పిన రోజుల్లో కేంద్రక విచ్ఛిత్తి దగ్గరికి రాగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఆయన ఉరేసుకున్నాడట కదండీ" అనేవారు. ఇంకొందరు ఆయన్ని సన్యాసుల్లో కలిపేసేవారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ నిజం కాదు.

బాంబు వేసిన విమానం ఎనోలా గే. దాన్ని నడిపిన పాల్ టిబెట్స్ 2007లో, 92వ ఏట, ఒహాయోలో కన్నుమూశాడు. విమానానికి కన్నతల్లి పేరు పెట్టుకున్నవాడు ఆయనే. అప్పగించిన పని చేశానని, దాంతో యుద్ధం త్వరగా ముగిసిందని, నిద్రకేమీ లోటు రాలేదని ఆఖరిదాకా చెబుతూ వచ్చాడు. 1976లో టెక్సస్‌లో జరిగిన విమాన ప్రదర్శనలో బి-29 బాంబర్ విమానం నడిపి, నేల మీద పుట్టగొడుగు మబ్బుతో సహా ఆనాటి దాడిని మళ్లీ ఆడి చూపించాడు. అమెరికా ప్రభుత్వం జపాన్‌కు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇది చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. అదే మనిషి, పోయాక తన సమాధి దగ్గర నిరసనలు జరుగుతాయేమోనని, అంత్యక్రియల తంతూ వద్దు, సమాధిరాయీ వద్దు అన్నాడు. బూడిదను ఇంగ్లిష్ చానల్ మీద చల్లారు.

మరి మతి చలించినవాడెవరు? క్లాడ్ ఈథర్లీ. ఆయన బాంబు వేయనే లేదు. ఆగస్టు 6 పొద్దున, మిగతావాళ్ల కంటే గంట ముందు స్ట్రెయిట్ ఫ్లష్ అనే విమానంలో హిరోషిమా మీదుగా వెళ్లి, ఆకాశం అనుకూలంగా ఉందని కబురు పంపాడు. యుద్ధం తర్వాత దొంగతనాలు, ఫోర్జరీలు, మానసిక చికిత్స. తత్వవేత్త గుంథర్ ఆండర్స్‌తో ఆయన నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు 1960ల మొదట్లో అచ్చయ్యాక లోకమంతా ఆయన పేరు మోగింది. ఆ బాధలో నిజమెంత అన్న వాదన అప్పుడే మొదలైంది. 1978లో ఆయనా పోయాడు. ఆ ఒక్కడి బతుకును మనం తెచ్చి అందరికీ అంటగట్టాం.

ఎందుకు అంటగట్టాం? చేసినవాడు అనుభవించాడులే అనుకుంటే మనకు ఊరట. 1945 చివరికల్లా హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మంది దాకా చనిపోయారు. ఆ లెక్క ఎవరి పిచ్చితో తీరుతుంది? పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని పెంచుకుని, ఉద్యోగాలు చేసి రిటైరైన మామూలు మనుషులు ఆ పని చేశారు. భయపడాల్సింది దానికి. వాళ్లను ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోవాలని నేననేది కూడా ఇందుకే.

పైగా వాళ్లంతా ఒకే అచ్చులో పోసినవాళ్లు కారు. ఎనోలా గేకి దారి చూపిన థియోడర్ వాన్ కర్క్, బాంబు అవసరమే అయిందని నమ్ముతూనే, లోకంలో అణ్వాయుధం ఒక్కటి కూడా మిగలకూడదని కోరుకున్నాడు. ఆ విమానంలోని పన్నెండు మందిలో ఆఖరివాడు ఆయనే. 2014లో, 93వ ఏట పోయాడు. రెండు నగరాల మీదా బాంబు వేసిన విమానాల్లో ఉన్నవాడు జేకబ్ బెసర్ ఒక్కడే. ఆయన మనవడు ఇప్పుడు బాంబు దాడి నుంచి బతికి బయటపడ్డవాళ్ల కథలు సేకరిస్తున్నాడు. నాగసాకి దాడిని దూరం నుంచి చూసిన బ్రిటిష్ పరిశీలకుడు లెనర్డ్ చెషైర్ వికలాంగుల కోసం ఆశ్రమాలు పెట్టాడు. చెషైర్ హోమ్‌లు మన దేశంలోనూ ఉన్నాయి. అలాగని బాంబు తప్పని ఆయన ఒప్పుకోలేదు. ఈ మనుషుల్ని ఏ గాటన కట్టేస్తారు?

బాధితులు ఇంకా బతికుండగా బాంబు వేసినవాళ్ల ఊసెందుకని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. జవాబుగా షిగెయాకి మోరి పేరు చెప్పాను. ఎనిమిదేళ్ల వయసులో హిరోషిమా దాడి నుంచి బతికి బయటపడ్డ ఆయన, అదే బాంబుకు బలైన పన్నెండు మంది అమెరికన్ యుద్ధఖైదీల పేర్లు వెలికితీయడానికి దశాబ్దాలు వెచ్చించాడు. వాళ్లలోనూ ఎక్కువమంది బాంబర్ విమానాల వాళ్లే. 2016లో ఒబామా హిరోషిమా వెళ్లినప్పుడు దగ్గరికి తీసుకున్న పెద్దాయన ఈయనే.

రెండు వైపులవాళ్లనూ కలిపి గుర్తుంచుకునే ఆ పని అమెరికన్లు మాత్రం చేయలేకపోయారు. 1995లో స్మిత్‌సోనియన్ మ్యూజియం ఎనోలా గేని హిరోషిమా శిథిలాల్లో దొరికిన వస్తువులతో కలిపి చూపాలనుకుంటే మాజీ సైనికుల సంఘాలు మండిపడ్డాయి. ప్రదర్శన ముక్కలై విమానం ముందుభాగమొకటి మిగిలింది; మ్యూజియం డైరెక్టర్ రాజీనామా చేశాడు. మాజీ సైనికుల కోపం నాకు అర్థమవుతుంది. కానీ వాళ్లు గెలిచి తమకే అన్యాయం చేసుకున్నారు. చనిపోయినవాళ్ల ఊసు లేకుండా చూపించే విమానం పక్కన ఆ సిబ్బంది చెప్పుకునే సంజాయిషీకి అర్థమేముంటుంది?

బాంబు దాడికి హిరోషిమా మీదికి వెళ్లిన మూడు విమానాల సిబ్బందిలో ఆఖరివాడు రసెల్ గాకెన్‌బాక్. దాడి తర్వాత లేచిన పుట్టగొడుగు మబ్బును సొంత కెమెరాతో రెండు ఫొటోలు తీసిన నావిగేటర్ ఆయన. 2019లో పోయాడు. ఆయన, వాన్ కర్క్ ఇచ్చిన ఇంటర్వ్యూలు రికార్డై ఉన్నాయి. వచ్చే ఆగస్టు సంచికలో వాటిని, బాధితుల వాంగ్మూలాలను ఎదురెదురు పేజీల్లో వేయండి. అనుమతులు తెచ్చే పని మీది. తెలుగు చేసిపెట్టే పూచీ నాది. ఈలోగా గత సంచికలోని ఆ వాక్యానికి ఒక సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్సు లెక్చరర్,
తెనాలి