తెలుగు మాట్లాడినాడని నమ్మినాము

బళ్ళారి ఇంట్లో కుక్క లేని కాలం లేదు. తాత ఉన్నప్పుడు వాకిట్లో పడుకునే ఊరకుక్కలే మా కుక్కలు. వాటిని ఎవరూ కొనింది లేదు. డబ్బిచ్చి కుక్కను కొనడమంటే అవ్వకి ఇప్పటికీ నవ్వే. మాకు మాత్రం 2003లో హచ్ ఫోన్ల ప్రకటన వచ్చినప్పటినుంచి పగ్ పిచ్చి. పిల్లోడి వెనకాలే నడిచే ఆ ముడతల మొహం చూసి, కన్నడ మీడియం బడిలో మా బెంచీ అంతా "నమగూ బేకు" అన్నవాళ్ళమే.

ఇరవై ఏండ్లకు ఆ కోరిక తీర్చుకుందామని బెంగళూరులో వెతికినాము. తెలిసినవాళ్ళు ఒక నంబరు ఇచ్చినారు. ఫోన్ చేస్తే ఆయన చిత్తూరు పక్క యాసలో పలికినాడు. "మనవాళ్ళే కదా, మీకు మంచి పిల్లనే ఇస్తాను" అన్నాడు. అంతే, మేము కరిగిపోయినాము. బయట స్థిరపడిన తెలుగోళ్ళకి ఇదొక బలహీనత. బాడుగ ఇల్లు, బంగారం, పెళ్ళి సంబంధం, దేనికైనా ముందు మన మాట మాట్లాడేవాణ్ణే వెతుకుతాము. కొన్నింటికి అది పనికొస్తుంది కూడా. ప్రాణమున్న దాన్ని కొనేటప్పుడు మాత్రం పనికిరాదు అని ఇప్పుడు గట్టిగా అంటున్నాము.

"ఇల్లు దూరం, మీకెందుకు శ్రమ" అని హోసూరు రోడ్డులో ఒక పెట్రోల్ బంకు దగ్గరికి పిల్లను చెప్పుల డబ్బాలో పెట్టి తెచ్చినాడు. పద్నాలుగు వేలు. రెండు నెలల పిల్ల అన్నాడు, అరచేతిలో పట్టేంత ఉంది. టీకా కార్డులో మందు స్టిక్కరు లేదు, డాక్టరు పేరు లేదు, ఒక గీత సంతకం ఉంది. ఆఫీసులో మా పని టెస్టింగ్. "నా మెషీన్‌లో బాగానే నడుస్తోంది" అని డెవలపర్ అంటే నమ్మము, చూపించమంటాము. ఆ రోజు ఒక్క ప్రశ్న అడగలేదు. తెలుగులో నవ్వుతూ మాట్లాడే మనిషిని అనుమానిస్తే మర్యాద కాదనిపించింది.

నాలుగో రోజు తిండి ముట్టలేదు. వాంతులు, ఆ తర్వాత రక్తం పడిన విరేచనాలు. డాక్టరు పరీక్ష చేసి పార్వో అన్నారు. పళ్ళు చూసి, దీనికి ఐదు వారాలు కూడా నిండినట్టు లేదన్నారు. ఈ వైరస్ సోకినాక బయటపడడానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే మా చేతికి వచ్చేనాటికే ఒంట్లో ఉండి ఉండాలి. సెలైన్ ఎక్కించినారు. ఏడో రోజు పోయింది. మా పాప పెట్టిన పేరుకి అది ఇంకా తిరిగి చూడడం కూడా నేర్చుకోలేదు. ఆయనకి ఫోన్ చేస్తే, "మీకే చూసుకోవడం రాలేదు" అన్నాడు. అదీ తెలుగులోనే.

తర్వాతే చదువుకున్నాము. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది. అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి చేత ఏడాదికి ఒకసారికి మించి ఈనించకూడదు. ఇవి అడిగేవాళ్ళు తక్కువ. అందరూ అడిగేది కెన్నెల్ క్లబ్ కాగితం. ఆ కాగితం వంశం చెబుతుంది, ఊపిరి గురించి చెప్పదు.

పగ్‌కి అసలు సంగతి ఊపిరే. కుక్క ఒంటి వేడి ఎక్కువగా రొప్పితేనే దిగుతుంది. ముక్కు చప్పిడిదైతే ఆ గాలి సరిగ్గా ఆడదు. అందుకే తల్లిని చూడాలి. నాలుగు అడుగులు నడిచి గురకపెడుతుందా, ముక్కు రంధ్రాలు సన్నని గీతల్లా ఉన్నాయా, ముడతల్లో వాసన ఉందా, కండ్లు ఎర్రబడి ఉన్నాయా చూడాలి. మొహం ఎంత చదునైతే అంత అందమనేవాళ్ళ దగ్గర కొనొద్దు. పార్వో చెప్పులతో కూడా వస్తుంది కాబట్టి లోపలికి రానివ్వము అంటారు కొందరు. అది నిజమే. కానీ తల్లిని గేటు దాకా తెచ్చి చూపించొచ్చు కదా!

ఈసారి మైసూరులో ఒకావిడ దొరికినారు. ఒక్క తెలుగు ముక్క రాదు. తల్లిని మేము అడగకముందే చూపించి, నడిపించినారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆమెవే. పగలు ఇంట్లో ఎవరుంటారు? పార్వో వచ్చిన ఇల్లు ఎట్లా కడిగినారు? టీకాలన్నీ పూర్తి కాకుండా ఆ ఇంటికి పిల్లను ఇవ్వనన్నారు. ఎండాకాలం ఎక్కడుంటారు అని అడిగితే, ప్రతి మే నెలా బళ్ళారి పోతాము అన్నాము. నలభై డిగ్రీల ఊరు. "హాగాదరె బేడ" అనేసినారు. అడ్వాన్సు ఇస్తామన్నా తీసుకోలేదు. రెండు రోజులు మాకు కోపమే.

అవ్వకి చెబితే, "ఆడపిల్లనిచ్చేవాళ్ళు ఇట్లే అడుగుతారులే" అని నవ్వింది. ఈ మే నెలకి తనే బెంగళూరు వస్తానంది, సణుగుతూనే. ఆ మాట మైసూరుకి చేరవేసినాము. ఆమె ఇంకా సరే అనలేదు.