ఫర్మానా రాజ్యం: మేలెంత, కీడెంత?

రాచరికానికి ఆధారాలు రెండు. అధికారం ఒక కుటుంబంలో వారసత్వంగా సాగుతుంది. తుది నిర్ణయం ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. ఈ పాలనకు చెప్పే సుగుణాలూ, ఎంచే దోషాలూ ఈ రెండింటి నుంచే పుడతాయి. 1724 నుంచి 1948 దాకా ఆసఫ్‌జాహీలు ఏలిన హైదరాబాద్ రాజ్య చరిత్రలో ఈ సంగతి స్పష్టంగా కనబడుతుంది.

వారసత్వం వల్ల మొదటి లాభం నిలకడ. 1869లో అయిదో నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయేనాటికి కొడుకు మహబూబ్ అలీఖాన్‌కు మూడేళ్లు నిండలేదు. అయినా గద్దె కోసం కత్తులు లేవలేదు. దివాన్ మొదటి సాలార్‌జంగ్ పసివాడి పేరిట పాలన నడిపించారు. 1853లో దివాన్ అయిన ఆయన 1883లో కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆయన వచ్చేనాటికి ఖజానా అప్పుల్లో ఉంది, శిస్తు వసూలు గుత్తేదార్ల చేతుల్లో ఉంది. గుత్తలు తీసేసి జీతానికి పనిచేసే తాలూక్‌దార్లను పెట్టడం, 1865లో జిలాబందీతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించడం ఒకటి రెండేళ్లలో తేలే పనులు కావు. బ్రిటిష్ రెసిడెంటు అండతోపాటు, ఎన్నికల గడువు లేని ముప్పయ్యేళ్ల పదవీకాలం వాటికి కలిసివచ్చింది.

అదే వారసత్వం తగాదాలో పడితే నష్టం రాజకుటుంబంతో ఆగదు. 1748లో మొదటి నిజాం మరణించగానే కొడుకు నాసిర్‌జంగ్, కూతురి కొడుకు ముజఫర్‌జంగ్ గద్దె కోసం తలపడ్డారు. మొదటివారి వెనుక ఇంగ్లీషువారు, రెండోవారి వెనుక ఫ్రెంచివారు నిలిచారు. మూడేళ్లలోపే ఇద్దరూ హతమయ్యారు. ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్‌జంగ్‌ను గద్దెనెక్కించాడు. ఆ సైన్యం ఖర్చు కింద 1753లో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లు ఫ్రెంచివారి పాలయ్యాయి. వాళ్లు ఓడాక, 1766 సంధితో అవి ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. 1800లో మరో సంధితో బళ్ళారి, కడప ప్రాంతాలూ కంపెనీ కిందికి పోయాయి. తెలుగువాళ్లు 1956 దాకా రెండు ఏలుబడుల కింద విడిపోయి ఉండటానికి మూలం ఈ సంతకాలే. సంతకం పెట్టే ముందు ఆ నేల దున్నే రైతును అడిగినవారు లేరు.

రెండో ఆధారం ఏకవ్యక్తి నిర్ణయం. దాని బలం వేగంలోనూ, దూరదృష్టికి ఉండే వెసులుబాటులోనూ తెలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాదే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మధ్యలో 1911లో నిజాం మారినా పని మారలేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి సిద్ధమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికైతే 1917 ఏప్రిల్‌లో ఒక అర్జీ, దాని మీద ఒక ఫర్మానా, అంటే రాజాజ్ఞ, సరిపోయాయి. మరుసటి ఏడాదే విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఆ వేగానికి ధర ఉంది. ఎవరినీ అడగకుండా మంచి పని చేయగలిగినవాడు ఎవరినీ అడగకుండానే మిగతా పనులూ చేస్తాడు. దేశ భాషలో ఉన్నత విద్య చెప్పడం ఉస్మానియా గొప్పతనమే. కానీ ప్రజల్లో దాదాపు సగం మంది తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు కూడా లక్షల్లో ఉన్న రాజ్యంలో ఆ భాష ఉర్దూ అని తేల్చింది పాలకుడి ఇష్టమే. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించింది. 1914 నుంచి 1919 దాకా ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ప్రధానమంత్రినే నియమించకుండా ఆ అధికారాలూ తనే చూసుకున్నారు. 1939లో ప్రకటించిన సంస్కరణలు సైతం మంత్రులను శాసనసభకు జవాబుదారీ చేయలేదు.

రాజ్యమంటే సొంత ఆస్తి అన్న భావన ఈ పాలనలోని మరో దోషం. రాజ్యంలో ఇంచుమించు పదో వంతు భూమి సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత కమతం. మరో మూడో వంతు దాకా జాగీర్ల కింద ఉండేది. నేరుగా ప్రభుత్వం కింద ఉన్న ఖాల్సా గ్రామాల్లోనూ దేశ్‌ముఖుల పెత్తనమే నడిచేది. నిజాంసాగర్ నీళ్లు పారించిన రాజ్యంలోనే వెట్టిచాకిరీ కూడా పారంపర్యంగా సాగింది. దొర మీద ఫిర్యాదు దొర స్నేహితుల చేతుల మీదుగానే పైకి వెళ్లాలి కనుక అది అసలు చోటికి చేరడం అరుదు.

రాజు ఏ పక్షానికీ చెందడు కాబట్టి అందరికీ సమానుడన్నది రాచరికాన్ని సమర్థించేవారి ముఖ్యమైన వాదన. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి నిజాం విరాళమివ్వడం వంటివి దీనికి ఉదాహరణగా చూపుతారు. ఈ వాదనకు పరీక్ష 1947లో వచ్చింది. కోటీ అరవై లక్షల ప్రజల భవిష్యత్తును నిర్ణయించే పని ఒక్కరిది. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందానికి నిజాం మంత్రిమండలి మొగ్గుచూపింది. అక్టోబరు 27 తెల్లవారుజామున, ఢిల్లీకి బయల్దేరాల్సిన ప్రతినిధుల ఇళ్లను విలీనాన్ని వ్యతిరేకించే రజాకార్ల గుంపు చుట్టుముట్టింది. నిజాం వెనక్కి తగ్గారు, ప్రధాని ఛతారీ నవాబు తప్పుకున్నారు. నెల తిరిగాక నవంబరు 29న దాదాపు అవే షరతుల మీద ఒప్పందం కుదిరింది. మధ్యలో బలపడింది రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ ఒక్కడే. విలీనాన్ని సమర్థిస్తూ రాసిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హత్య చేశారు. అధికారమంతా ఒక్కరి దగ్గరే ఉన్నప్పుడు ఆ ఒక్కరిని బెదిరించినవాడే అసలు పాలకుడవుతాడు.

అలాంటి పాలన గాడితప్పితే సరిదిద్దుకునే మార్గం ప్రజలకు లేదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ ముందు వేడికోళ్లూ తీర్మానాలతోనే నడిచాయి. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాక తెలంగాణ పల్లెలు ఆయుధం పట్టాయి. చివరికి 1948 సెప్టెంబరులో అయిదు రోజుల భారత సైనిక చర్యతో నిజాం ఏలుబడి ముగిసింది. అర్జీకి, తిరుగుబాటుకు మధ్య మరో మెట్టు లేకపోవడమే నిరంకుశ రాచరికంలోని అతి పెద్ద లోపం.

ఆ మెట్టును కట్టుకున్న చోట రాచరికం నేటికీ నిలిచింది. బ్రిటన్, జపాన్‌లలో వారసత్వం మిగిలింది, నిర్ణయం మాత్రం ఎన్నికైన సభలకు పోయింది. భూటాన్ రాజు తనంతట తానే ఆ పని చేయించారు. 2008 నాటి అక్కడి రాజ్యాంగం ప్రకారం రాజు 65 ఏళ్లకు దిగిపోవాలి. పార్లమెంటు, ప్రజాభిప్రాయ సేకరణ కలిసి రాజును తొలగించవచ్చు కూడా. 2005లో సర్వాధికారాలూ చేతిలోకి తీసుకున్న నేపాల్ రాజు జ్ఞానేంద్ర గద్దె సరిగ్గా అదే 2008లో రద్దయింది.

కనుక రాచరికాన్ని మంచి రాజులు కట్టిన చెరువులతో తూచడం సగం లెక్కే. చెరువులు ఎన్నికైన ప్రభుత్వాలూ కడతాయి, ఆలస్యంగానో తగాదాలతోనో. హైదరాబాద్ ప్రజలు 1952లో తొలిసారి వయోజన ఓటుతో సభను ఎన్నుకున్నప్పుడు వారికి దక్కింది అంతకన్నా మంచి పాలకుడన్న హామీ కాదు. నచ్చని పాలకుణ్ని రక్తపాతం లేకుండా దించే హక్కు. రాచరికం ఎంత మేలు చేసినా ప్రజలకు ఇవ్వలేనిది అదే.