కార్డు మీద అంకె, దాని వెనక గాజు బుడగ

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని మోదీ సాయిల్ హెల్త్ కార్డు పథకాన్ని ప్రారంభించారు. పదేళ్లలో దేశవ్యాప్తంగా దాదాపు 25 కోట్ల కార్డులు జారీ అయ్యాయి. ఎన్ని ఇచ్చారు, రైతులు వాటిని చూసి ఎరువులు వేస్తున్నారా లేదా అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. కార్డులో ఉన్న అంకె సరైనదేనా అని అడిగేవారు తక్కువ.

కార్డులో 12 అంశాలుంటాయి. వాటిలో పీహెచ్‌ది ప్రత్యేక స్థానం. భాస్వరం, జింకు, ఇనుము నేలలో ఉన్నా పైరుకు ఎంత అందుతాయన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. ఆమ్ల నేలకు సున్నం, కారు చౌడుకు జిప్సం వేయాలా వద్దా అన్నది కూడా మొదట పీహెచ్ చూసే ఆలోచిస్తారు. ఒక్క యూనిట్ తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా.

ఆ అంకెను ఇచ్చేది ఎలక్ట్రోడ్ కొసన ఉండే పల్చటి గాజు బుడగ. 25 డిగ్రీల వద్ద ఒక పీహెచ్ యూనిట్‌కు అది సుమారు 59 మిల్లీవోల్టుల మార్పు చూపాలి. దీన్నే స్లోప్ అంటారు. వాడే కొద్దీ అది పడిపోతుంది. భూసార పరీక్షలో మరీ త్వరగా పడిపోతుంది, ఎందుకంటే ఎలక్ట్రోడ్‌ను ముంచేది తేట నీటిలో కాదు, మట్టి కలిపిన బురద నీటిలో. సన్నని బంకమట్టి రేణువులు పక్కనున్న సిరామిక్ రంధ్రాన్ని పూడ్చేస్తాయి. అప్పుడు రీడింగు ఒకచోట నిలవదు, జారుతూనే ఉంటుంది. రోజుకు వందల నమూనాలు చూడాల్సిన టెక్నీషియన్‌కు అది కుదురుకునేదాకా ఆగే తీరిక ఉండదు.

అసలు నష్టం క్యాలిబ్రేషన్ దగ్గర జరుగుతుంది. నిబంధన ప్రకారం 7 బఫర్‌తో మొదలుపెట్టి 4తోనో 9.2తోనో రెండోసారి సరిచూడాలి. పని ఒత్తిడిలో 7తోనే సరిపెడితే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం. ఎలక్ట్రోడ్ స్లోప్ 85 శాతానికి పడిపోయిందనుకుంటే, నిజానికి 8.7 ఉన్న నేల మీటరు మీద దాదాపు 8.45గా కనిపిస్తుంది. చౌడుకు సాధారణంగా గీసే గీత 8.5. ఆ రైతు నమూనా జిప్సం మోతాదు తేల్చే తదుపరి పరీక్షకే వెళ్లదు. జార్ఖండ్‌లోనో కేరళలోనో ఆమ్ల నేల 5.0 ఉంటే 5.3 అని వస్తుంది. సున్నం మోతాదు తేల్చే బఫర్ పద్ధతిలోనూ మళ్లీ ఇదే ఎలక్ట్రోడ్ వాడతారు కాబట్టి తప్పు రెండోసారి కూడా పడుతుంది. 7 దగ్గరి నేలల్లో మాత్రం ఈ లోపం దాదాపు బయటపడదు. అందుకే పాడైన ఎలక్ట్రోడ్ కూడా నెలల తరబడి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. నమూనాలు ఎక్కువగా వచ్చేది ఖరీఫ్‌కు ముందే. ఏసీ లేని గదిలో 40 డిగ్రీలుంటే స్లోప్ 62 మిల్లీవోల్టులు కావాలి. పాత మీటర్లలో ఉష్ణోగ్రతను చేత్తో సరిచేయాల్సిందే.

నిర్వహణ ఖరీదైన పనేం కాదు. ప్రతి నమూనా తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, గాజును తుడవకుండా మెత్తని కాగితంతో తడి అద్దాలి. పని అయ్యాక పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. చాలాచోట్ల కనిపించే అలవాటు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచడం. అది ఎలక్ట్రోడ్ లోపలి లవణాన్ని పీల్చేసి దాని ఆయుష్షు తగ్గిస్తుంది. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయడం కూడా అంతే చెడ్డది. 9.2 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తనంతట తానే మారిపోతుంది కూడా. ఇంత చేసినా ఎలక్ట్రోడ్ ఏడాది, రెండేళ్లకు మించి నిలవదు. దాన్ని ఒకసారి కొనే యంత్రంగా కాక, ఏటా బడ్జెట్‌లో చూపాల్సిన వినియోగ వస్తువుగా లెక్కించాలి.

కార్డులో విలువ ఉంటుంది, తక్కువ, ఎక్కువ అన్న రేటింగ్ ఉంటుంది. ఆ ఉదయం ఎలక్ట్రోడ్ స్లోప్ ఎంతో, చివరిసారి ఏ బఫర్‌తో సరిచూశారో ఉండదు. ల్యాబ్ రిజిస్టర్‌లో రోజూ ఆ రెండు అంకెలూ రాయించి, పీహెచ్ ముందే తెలిసిన మట్టి నమూనా ఒకటి ప్రతి విడతలో కలిపి పరీక్షిస్తే తప్పు అదే రోజు దొరుకుతుంది. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.