కారే కప్పు ఎవరి బద్ధకం?

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. చెరువు, బోరు, వాన, ఇంతే ఆధారం. అందుకే గౌనిపల్లి చుట్టుపక్కల ఊళ్లలో వాన కోసం చేసే ప్రార్థనలో కల్తీ ఉండదు. అయితే ఆ వాన వచ్చిన రాత్రి, కారే ఇంట్లో ఉన్నవాళ్లకు నిద్ర ఉండదు. రాగుల మూట ఏ మూలకు జరపాలి, పిల్లల పుస్తకాలు ఎక్కడ దాచాలి అనేదే దిగులు. 2021 నవంబరులో ఈ రెండూ చూశాం. చెరువులు నిండాయి, ఇళ్లూ దెబ్బతిన్నాయి.

ఇలాంటి ఇంటిని చూసి ప్రసంగి 10:18 గుర్తుచేసేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. సోమరితనం వల్ల కప్పు కుంగుతుందని, చేతుల బద్ధకం వల్ల ఇల్లు కారుతుందని ఆ వచనం భావం. పొద్దంతా కూలికి పోయి వచ్చిన మనిషికి ఈ మాట చెప్పే ముందు పైనున్న రెండు వచనాలు చదవాలి. అవి మాట్లాడేది రాజుల గురించి, పొద్దున్నే విందులకు కూర్చునే అధిపతుల గురించి. అక్కడ తప్పుపట్టింది పేదవాడి చేతులను కాదు, పాలించేవాళ్ల చేతులను.

ఆ బద్ధకం నేడు కాగితాల మీద కనిపిస్తుంది. 2022–26 విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలుగా నిర్ణయించారు. పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే. ప్రతి వానకూ కారుతూ గోడలు నానుతున్న ఇల్లు ఈ లెక్కలోకి రాదు. గోడ మీద పడ్డాకే లెక్క మొదలవుతుంది.

దళిత క్రైస్తవులకు ఇంకో అడ్డు ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల వారికి ఎస్సీ హోదా లేదు. కాలనీలో పక్కపక్క ఇళ్లు రెండూ ఒకేలా కారుతున్నా, ఎస్సీలకు కేటాయించిన ఇంటి పథకం ఒక ఇంటికే అందుతుంది. వాన మతం అడగదు, పథకం అడుగుతుంది. ఇదే జిల్లాలోని కేజీఎఫ్‌లో 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక, కంపెనీ లైన్లలో మిగిలిన కుటుంబాలది మరో చిక్కు. తమ పేరు మీద లేని ఇంటి కప్పుకు అప్పు తెచ్చి ఎవరు ఖర్చు పెడతారు?

యువతీ యువకులారా, హక్కు అడుగుతూనే మన చేతులతో అయ్యే పని మనం చేద్దాం. వానలకు ముందే మిద్దె మీది తూముల్లో ఆకులు, మట్టి తీయాలి. నీళ్లు నిలిచిన చోటే కారుతుంది. బండల సందుల్లో మొలిచిన మొక్కలను వేళ్లతో సహా పెరికి, సందు కడిగి, సిమెంటుతో పూడ్చాలి. గాలివానకు రేకులు లేచిపోకుండా రాళ్లు పెడితే చాలదు, కొక్కీ బోల్టులతో వాసాలకు బిగించాలి. బోల్టు రేకు గట్టు మీదే ఉండాలి. పల్లంలో వేస్తే నీళ్లు ఆ రంధ్రంలోకే దిగుతాయి. పాత సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టొద్దు, విరిగి కింద పడతారు. వాటిని కోసినప్పుడు లేచే ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. గోడ తడిసి స్విచ్చు బోర్డు దాకా నీళ్లు వస్తే ముందు మెయిన్ ఆపించాలి.

మందిరం కప్పు కారితే ప్రత్యేక కానుక ఎత్తడం మనకు తెలుసు. అదే మందిరంలో వెనక వరుసలో కూర్చునే విధవరాలి కప్పుకు ఎన్నిసార్లు ఎత్తాం?

ప్రతి సంఘం తన పరిధిలో కారే ఇళ్ల జాబితా రాయాలి. క్రైస్తవుల ఇళ్లే కాదు, వీధిలోని ఇళ్లన్నీ. చేతనైనవి మనం బాగుచేద్దాం. మిగిలిన వాటిని గ్రామసభలో ఒక్కొక్కటిగా చదివి, తీర్మానంలో రాయించి, నకలు తీసుకుందాం. వాన కోసం మోకరించిన సంఘం, ఆ వాన ఎవరి నెత్తిన పడుతోందో చూడాలి.