ఇంటి చలనచిత్రములకు మెత్తని వెలుతురు

ఈ మాసము కుట్టుపనిని, ఊరగాయలను ప్రక్కకు బెట్టి, మా శీర్షికలో వేఱొక విషయమును చేపట్టుచున్నాము. ఇండ్లలో చలనచిత్రములు తీయు స్త్రీలు నేడు మన పాఠికలలోనే పలువురు గలరు. చేతిలోని ఫోనే కెమేరా యైనది గనుక పెట్టుబడి యంతగా నక్కఱలేదు. ఒకరు ఆవకాయ పెట్టు విధము తీయుచున్నారు. ఒకరు అమ్మమ్మచేత పాత పెండ్లిపాటలు పాడించి తీయుచున్నారు. కాలేజీ పిల్లలు నలుగురు చేరి పది నిమిషముల కథ తీయుచున్నారు. కథ బాగుండును, మాట స్పష్టముగ వినబడును, ముఖము మాత్రము చూడ మనసొప్పదు. నడినెత్తిపై నొక్క బల్బు వెలుగుచుండగా కన్నులక్రింద గుంటలు, ముక్కుక్రింద నల్లని మచ్చ, నుదుట జిడ్డువంటి మెఱపు!

ఒక సోదరి మాకు వ్రాసిన జాబులో నిట్లున్నది: "మా మామ్మగారికి ఎనుబది రెండేండ్లు. ఆమెకు వచ్చిన పాటలన్నియు తీసి దాచుకొనవలెనని మా కోరిక. మొదట తీసిన బొమ్మలో ఆమె జ్వరపడి లేచినట్లున్నారు. అది చూచి, 'నే నింత ముసలిదాననా? ఇక తీయవద్దు' అని కెమేరా యెదుట కూర్చుండుటకే యిష్టపడుట లేదు. మెత్తని వెలుతురు నిచ్చు పెట్టెలు కొనుట మా శక్తికి మించినది. ఇంటిలోని వస్తువులతో సాధ్యమగునా?"

సాధ్యమగును. మామ్మగారి యలుక తీరుటకు కావలసినవి ఒక పాత పంచె, గుడ్డలారవేయు స్టాండు, ఒక బల్బు, కొంచెము ఓపిక. అయితే ఏది యెందుకు చేయుచున్నామో ముందు తెలిసికొన్నచో, ఈ వస్తువులు లేనపుడు మఱియొకదానితో పని గడుపుకొనవచ్చును.

రోహిణీకార్తె యెండలో పెరటిలో నిలిచిన మన నీడ కత్తితో కోసినట్లు నేలపై పడును. శ్రావణమున ఆకాశమంతయు మబ్బు క్రమ్మిన దినమున అదే పెరటిలో నీడ యెక్కడనున్నదో వెదకికొనవలెను. సూర్యుడు మాఱలేదు. ఎండలో వెలుగు అర డిగ్రీ వెడల్పు మాత్రము గల చిన్న బింబము నుండి వచ్చుచున్నది. మబ్బు పట్టినపుడు ఆకాశమంతయు ఒక దీపమగుచున్నది. అన్ని దిక్కులనుండి వచ్చు వెలుగు నీడలోనికి గూడ చొచ్చి దాని యంచును కరగించును. కావున వెలుతురు మెత్తదనమునకు మూలము బల్బు వెలయు కాదు, గుడ్డ వెలయు కాదు. ముఖము కడ నుండి చూచినపుడు ఆ వెలుగు వచ్చు చోటు ఎంత పెద్దదిగా కనబడునన్నదే.

దీపమునకు గుడ్డ కట్టగానే వెలుగు మెత్తనగునని పలువురు తలంతురు. బల్బునకు జానెడు గుడ్డ చుట్టినచో వెలుగు తగ్గునే గాని నీడ యంచు మాఱదు, ఏలయన వెలుగు వచ్చు చోటు పెరుగలేదు. గుడ్డ పెద్దదై, దీపమునకు కొంత యెడముగ నుండి, దీపకాంతి దానినంతటిని నింపవలెను. అపుడా గుడ్డయే దీపము.

ఇది సరిగ నమరినదో లేదో తెలిసికొనుటకు పరికరము లేమియు వలదు. బాగుగ తోమిన స్టీలు చెంబు నొకదానిని, ముఖముండవలసిన చోట పట్టి చూడుడు. చెంబు కడుపున తెల్లని చిన్న చుక్క కనబడినచో వెలుతురు కటికది. వెడల్పుగ తెల్లని కిటికీవంటి పలక కనబడినచో మెత్తనిది. పలక నడుమ మండుచుక్క కనబడుచున్నచో దీపము గుడ్డకు మరీ దగ్గఱ నున్నదని యర్థము. దానిని వెనుకకు జరుపవలెను.

ఇక గుడ్డ మాట. పలుమారు లుతికి మెత్తబడిన తెల్లని మల్లుపంచె మా మతమున నన్నిటికంటె మేలు. క్రొత్త పంచెకు గంజి యుండును, మడతల గీతలు దీపము ముందు కనబడును. జరీయంచు నున్నచో దానిని మడచి చట్రము వెనుకకు పోనిండు. నేత మరీ పలుచనైనచో బల్బు రూపము ఆవలికి కనబడుచు కటిక వెలుగు జల్లెడలోనివలె దిగిపోవును. అట్టి గుడ్డను రెండుపొరలు చేయవలెను. దుప్పటి మందమైన గుడ్డ వెలుగును మ్రింగివేయును. చిత్రలేఖనమునకు వాడు ట్రేసింగు కాగితము, కేకులక్రింద పఱచు బటరుపేపరు గూడ చక్కగ పనిచేయును గాని, గాలికి గరగరలాడి పాటలో చప్పుడు కలుపును.

రంగు విషయమున గృహిణులకు మాత్రమే తట్టు చిక్కొకటి యున్నది. బీరువాలో మగ్గి పసుపువాఱిన పంచె ముఖమునకు పసుపుచాయ నిచ్చును. నీలిమందు ఎక్కువైన పంచె నీలిచాయ నిచ్చును. ఒక తెల్లకాగితమును ముఖముండు చోట పట్టి ఫోనులో చూచినచో ఆ చాయ తెలిసిపోవును. గుడ్డ యంతయు నొకేరీతి చాయ గలదైనచో ఫోనులోని వర్ణసవరణతో సరిదిద్దవచ్చును. మచ్చలు మచ్చలుగ నున్నచో వలదు.

చట్రమునకై వడ్రంగిని పిలువనక్కఱలేదు. గుడ్డలారవేయు మడత స్టాండును నిలువుగ విప్పి పంచె దానిపై వ్రేలాడదీసి క్రింది యంచున బట్టలపిన్నులు పెట్టినచో తెఱ సిద్ధము. పలుమారులు పని గలవారు అరయంగుళపు ప్లాస్టికు గొట్టములు మూడడుగుల ముక్కలు నాలుగు, మూలలకు నాలుగు ఎల్బోలు తెచ్చి, బంక పూయకుండ బిగించుకొన్నచో, పని తీఱగనే విప్పి తలుపు వెనుక నిలుపుకొనవచ్చును. ఏ చట్రమైనను దాని కాళ్లకు బియ్యపుసంచియో యిసుకసంచియో బరువుగ నుంచుడు. పిల్లలు పరుగెత్తు ఇంటిలో ఇది చాల ముఖ్యము.

తెఱను ముఖమునకు వీలైనంత దగ్గఱగ, కెమేరా కంటికి మాత్రము పడకుండ, నిలుపవలెను. మూడడుగుల తెఱ మూడడుగుల దూరమున నున్నపుడు గలుగు మెత్తదనమే ఆఱడుగుల దూరమున కావలెనన్న, ఆఱడుగుల తెఱ కావలసి వచ్చును. దూరము పెంచి వెలుగు చాలక మఱియొక బల్బు కొనుటకంటె, రెండడుగులు ముందుకు జరుపుట చవుక.

ఈ యుపాయములు పేదవారి సర్దుబాట్లని యెవరును చిన్నబుచ్చుకొనవలదు. 1897లో ఫ్రాన్సు దేశమున పారిస్ నగరమునకు చేరువనున్న మాంత్రోయ్‌లో జార్జి మెలియె కట్టించిన గాజుకప్పు స్టూడియోలో ఎండను మెత్తపఱచుటకు కప్పుక్రింద సన్నని నూలుగుడ్డలు లాగి కట్టెడివారు. మన దేశపు ముచ్చట యింతకంటె రమ్యమైనది. సత్యజిత్ రాయ్ గారి 'అపరాజితో' (1956) చిత్రమునకు కాశీలోని యింటి లోగిలి కావలసి వచ్చినది. దానిని ఆరుబయట కట్టదలచిరి గాని, వర్షభయముచేత కళాదర్శకులు బంసీ చంద్రగుప్త గారు కలకత్తాలోని స్టూడియో లోపలనే కట్టించిరి. లోగిలిలో వెలుతురు ఆకాశము నుండి నీడలు లేకుండ దిగును గదా! స్టూడియో దీపములతో అట్టి వెలుతురు తెచ్చుట యసాధ్యమని ఛాయాగ్రాహకులు సుబ్రత మిత్ర గారు ఎంతయో వాదించిరి. వాదమున గెలువలేకపోయిరి. అంతట వారు లోగిలి పైభాగమున ఆకాశపు తునుకవలె తెల్లని గుడ్డను చట్రమునకు బిగించి, దీపములను పాత్రలపైకి గాక, క్రిందనుండి ఆ గుడ్డపైకి త్రిప్పిరి. గుడ్డపై పడి మరలివచ్చిన వెలుగే లోగిలి నంతటిని నింపినది. వారు జన్మించినది 1930లో; అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. అంతకు ముందటి 'పథేర్ పాంచాలి' (1955) వారి మొదటి చిత్రము.

మిత్రగారి పద్ధతి మన యిండ్లకు మఱింత సులభము. గోడకు తెల్లసున్నమున్నచో గోడయే చాలును: బల్బును గోడవైపు త్రిప్పి, మనిషిని గోడకు దగ్గఱగ కూర్చుండబెట్టవలెను. గోడ ఆకుపచ్చదైనచో ముఖము ఆకుపచ్చనగును, గులాబిరంగుదైనచో సిగ్గుపడినట్లగును. అట్టి గోడకు పంచెను మేకులతో కట్టుడు. క్రొత్త ఫ్రిజ్జు పెట్టెలో వచ్చు తెల్లని థెర్మోకోలు పలకయు బాగుండును. ఈ పద్ధతిలో గుడ్డగుండ పంపుటకంటె ఎక్కువ వెలుగు వ్యర్థమగుననుట నిజమే గాని, దీపము వెనుక స్థలము లేని చిన్న గదులలో ఇదియే గతి.

ఇంకొక మాట గట్టిగ చెప్పుచున్నాము. మేస్త్రీలు రాత్రిపనికి వాడు 500 వాట్ల హేలోజెను దీపము చవుకగ వెలుగు నిచ్చునని కొందరు దానికి ఎదురుగ పంచె కట్టుచున్నారు. హేలోజెను బల్బు సక్రమముగ పనిచేయుటకే దాని గాజు కనీసము 250 డిగ్రీల వేడిమి నుండవలెను. తఱుచు అంతకంటె మిక్కిలి హెచ్చుగ నుండును. కాగితము కమలి యంటుకొనుటకు అది చాలును, గాలికి గుడ్డ యెగిరి తగిలినచో చెప్పనక్కఱలేదు. చీర కొంగుల నడుమ, వృద్ధుల నడుమ ఆ దీపము మనకు వలదే వలదు. ఎల్.ఇ.డి. బల్బులు చల్లనివే గాని, వాని మొదలు కూడ వేడెక్కును. కాగితమును గుడ్డను బల్బునకు చుట్టవలదు, ఎడముగనే యుంచుడు. కాగితపు గుండ్రని లాంతరులో ఎల్.ఇ.డి. బల్బు పెట్టి భోజనపుబల్లపై వ్రేలాడదీయు పద్ధతి సినిమావారిలోను గలదు. లాంతరు అడుగడుగున్నరయైనను వెడల్పుండి బల్బు నట్టనడుమ నిలిచినచో భయము లేదు.

బల్బు కొనునపుడు పెట్టెపై సి.ఆర్.ఐ. 90 గాని అంతకు మించి గాని యున్నదేమో చూడుడు. తక్కువైనచో మేనిచాయ పాలిపోవును. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక చవుక బల్బులు సెకనుకు 100 మారులు మినుకుచుండును. కంటికి తెలియదు గాని ఫోనునకు తెలియును. బొమ్మపై అడ్డుచారలు ప్రాకును. ఫోనులో షట్టరు వేగము మార్చు వీలున్నచో సెకనులో 50వ వంతు గాని 100వ వంతు గాని పెట్టినచో చారలు పోవును.

మెత్తని వెలుతురు దొరకినది గదా యని నాలుగు వైపుల నింపుట మఱొక తప్పు. అపుడు ముఖము అప్పడమువలె చదునైపోవును. తెఱను ఒక ప్రక్కగ, కంటికంటె కొంచెము ఎత్తుగ నుంచి, రెండవ ప్రక్క నీడ కొంత మిగులనిండు. నీడ మరీ నల్లనైనచో ఆ వైపున తెల్లకాగితపు అట్ట నొకదానిని పట్టిన చాలును. గదిలోని తక్కిన దీపములన్నియు ఆర్పివేయుడు. నడినెత్తి బల్బు వెలుగుచున్నచో మన శ్రమ యంతయు వృథా. చామనచాయవారికి, నల్లనివారికి పౌడరు మెత్తి తెల్లబఱచు దురలవాటు మన సినిమాలనుండి ఇండ్లకు ప్రాకినది. మాకు అది యెన్నడును నచ్చలేదు. నల్లని మేనిపై వెడల్పైన వెలుతురు పడినపుడు చెక్కిలిపై పఱచుకొను నిగనిగ యే పౌడరుకును రాదు.

జాబు వ్రాసిన సోదరికి మా సలహా యిది. మొదటి దినము దీపములతో పనిలేకుండ, ప్రొద్దున తొమ్మిది గంటలవేళ మామ్మగారిని కిటికీకి ప్రక్కగ, రెండు మూడడుగుల దూరమున, తమ పీటపైననే కూర్చుండబెట్టుడు. ఎండ నేరుగ పడు కిటికీ యైనచో పంచెను దానికి అడ్డముగ కట్టుడు. ఉత్తరపు కిటికీ యైనచో అదియు తఱుచు అక్కఱలేదు. ఫోను ఆమె కన్నుల యెత్తున నుండవలెను, క్రిందనుండి చూడరాదు. ముందుగ ఒక్క పాట తీసి ఆమెకే చూపుడు. ఆమె యొప్పుకొన్న తరువాత తక్కిన పాటలను సాయంకాలములందు స్టాండు, బల్బులతో తీయవచ్చును. ఎనుబది దాటినవారిని ఒకేపూట నాలుగు పాటలకంటె ఎక్కువ పాడింపవలదు.

పని తీఱిన పిదప ఆ పంచెను నీలిమందు లేకుండ ఉతికి, మడత గీతలు పడకుండ గొట్టమునకు చుట్టి, వేఱుగ దాచుడు. వంటింటి మసిగుడ్డలలో నొకసారి కలిసినచో మఱల అంత తెల్లని పంచెకై మామగారి పెట్టె వెదకవలసి వచ్చును.