సగం నిండిన స్కెచ్ బుక్కులు

డిసెంబర్ వస్తే మా భీమవరంలో అందరి హిసాబూ సంక్రాంతి మీదే ఉంటుంది. బొమ్మలు గీసే పిల్లలకి మాత్రం ఇంకో హిసాబు ఉంది. సగం గీసి వదిలేసిన స్కెచ్ బుక్కుల్ని సాల్ ఖతం అయ్యేలోగా ముకమ్మల్ చెయ్యాలట, అప్పుడే కొత్తది కొనుక్కోవాలట. కొందరు పెద్దలకి ఇది మజాక్‌గా ఉంది. నాకు మాత్రం బాగా పసందైంది, ఒక్క షరతు మీద.

మన ఇళ్లల్లో సగం బుక్కు గతి ఏమిటో తెలుసు కదా. ఆరో తరగతిలో అమ్మాయి పదో పన్నెండో సఫాలు గీస్తుంది. తొమ్మిదికొచ్చేసరికి ఐఐటీ ఫౌండేషన్, ఆపైన ఈఏపీసెట్. బొమ్మలంటే వక్త్ బర్బాద్. ఆ పుస్తకం పాత పేపర్లతో కలిసి తూకానికి పోతుంది, ఖాళీ వరఖులతో సహా. పోయేది కాగితం ఒక్కటే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఆ పిల్ల మళ్లీ పెన్సిల్ పట్టదు, అదీ బాధ.

'మనసు పోయిన పుస్తకాన్ని జబర్దస్తీగా లాగడం ఎందుకు' అనేవాళ్లున్నారు. లాగమనే నా మాట. ఆరో తరగతి చెయ్యీ తొమ్మిదో తరగతి చెయ్యీ ఒకే జిల్ద్‌లో పక్కపక్కన ఉంటే ఎంత దూరం వచ్చిందో పిల్లకే కనిపిస్తుంది. ఏ ఉస్తాదూ అంత సాఫ్‌గా చెప్పలేడు.

ఖత్తాతీలో 'సియాహ్ మష్ఖ్' అని ఒకటుంది. చెయ్యి తిరగడానికి ఖుష్‌నవీసులు ఒకే కాగజ్ మీద హర్ఫుల్ని పక్కపక్కన, ఒకదానిమీద ఒకటి, తలకిందులుగా కూడా రాసుకుంటూ పోయేవాళ్లు, కాగితం నల్లబడేదాకా. ఇరాన్‌లో ఆ మష్ఖ్ కాగితాల్నే తర్వాత షౌఖ్‌గా దాచుకున్నారు. 19వ శతాబ్దంలో మీర్జా గులాం రజా ఇస్ఫహానీ లాంటివాళ్ల చేతిలో అదే ఒక ఫన్ అయింది.

మన గోదావరికే వద్దాం. దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీకి వెళ్తే అందరూ పెద్ద తస్వీర్ల ముందు నిలబడతారు. నా రాయ్ అడిగితే పెన్సిల్ ఖాకాల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఆయన ఏం సాధించారో తస్వీర్లు చెబుతాయి, ఎలా చూశారో ఖాకాలు చెబుతాయి.

ఆయనతోపాటే కూల్డ్రే దొర షాగిర్దు అడివి బాపిరాజు. ఆయనది మన భీమవరం పక్క సరిపల్లె. హైదరాబాద్‌లో తెలుగు 'మీజాన్' పత్రికకి ఎడిటర్‌గా చేసిన మనిషి. తెలుగు అఖ్బార్‌కి ఉర్దూ పేరు, దానికి గోదావరి జిల్లా చిత్రకారుడు ఎడిటర్! నా బిరాదరీ వాళ్లకి ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. అంత రాసిన, అంత గీసిన ఆయన కూడా 1952లో పోయేనాటికి 'మధురవాణి' నవలని అధూరాగానే వదిలారు. చివరి భాగం మరొకరు రాయాల్సొచ్చింది.

ఇక షరతు. ఫోన్‌లో దొరికిన హీరో బొమ్మల్ని నఖల్ కొట్టి ముప్పై ఒకటో తారీఖు రాత్రికి సఫాలు నింపేస్తే అది మష్ఖ్ కాదు, భర్తీ. బయటికి రండి. రొయ్యల చెరువులో ఏరియేటర్ తిరుగుతుంటే లేచే నురుగు గీయండి, చూద్దాం, ఎంత ముష్కిలో తెలుస్తుంది. గునుపూడి సోమేశ్వరుడి కోనేటి మెట్లు. ఐస్ పెట్టెలు ఎత్తే కూలీల వీపులు. జుమా నాడు మస్జిద్ గుమ్మంలో చెప్పుల గుట్ట, అందులో ఏ రెండూ జత కుదరవు. పాత సఫాల్ని చించొద్దు, రబ్బరు పెట్టి దిద్దొద్దు. మూలన తారీఖు వెయ్యండి, చాలు.

అమ్మానాన్నలకి నా గుజారిష్ ఒకటే: రోజుకి ఇరవై నిమిషాలు ఆ పిల్లని ట్యూషన్ నుంచి వదలండి.

అప్పటికీ నాలుగు సఫాలు మిగిలితే ఫికర్ లేదు. డిసెంబర్ దాటితే ఉగాది ఉంది, అదీ దాటితే ముహర్రం ఉంది. సాల్ మారడానికి మన దగ్గర మౌఖాలకి కొదవేముంది?