కోళ్లెక్కడ పెట్టుకోవాలి?

లాహోర్‌లో పేదలకు ఇళ్లు కట్టాలని 1970ల మొదట్లో ప్రభుత్వం తలపెట్టింది. అంగూరీ బాగ్ కాలనీ అది. కాగితాలు పట్టుకుని వెళ్లిన ఆర్కిటెక్ట్ యాస్మీన్ లారీని అక్కడి ఆడవాళ్లు అడిగారట: మా కోళ్లనెక్కడ పెట్టుకోవాలి? ఆవిడ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన చదువులో ఈ పాఠం ఉండదు కదా. ఇటుక ఇళ్లకు డాబాలు పెట్టి, కోళ్లకూ చోటు చూపించారు.

పాకిస్తాన్ తొలి మహిళా ఆర్కిటెక్ట్ అన్న ఒక్క మాటతో ఆవిడ కథ తేల్చేయడం రివాజు. 1941లో డేరా ఘాజీ ఖాన్‌లో పుట్టి, 1964లో పట్టా పుచ్చుకుని, కరాచీలో ఆఫీసు తెరిచారు. ఫైనాన్స్ అండ్ ట్రేడ్ సెంటర్, పాకిస్తాన్ స్టేట్ ఆయిల్ హౌస్ ఆవిడ గీసినవే. ఆ ఆయిల్ హౌస్ అద్దాల మేడ చూస్తే, కోళ్ల ప్రశ్న విన్న మనిషేనా ఇది కట్టింది అనిపిస్తుంది. ఆ ఉక్కుకూ సిమెంటుకూ ఇప్పుడు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నానని తర్వాత ఆవిడే చెప్పుకున్నారు. 2000లో ప్రాక్టీసు చాలించారు.

అసలు పని అక్కడే మొదలైందని మా లెక్క. పాకిస్తాన్‌లో 2005 భూకంపంలో కూలిన ఇళ్ల రాళ్లనూ కలపనూ ఏరించి, వాటితోనే మళ్లీ గోడలు లేపించారు. 2010 వరదల తర్వాత సింధ్‌లో వెదురు, మట్టి, సున్నం. సున్నం కలిపిన మట్టి నీటికి అంత తొందరగా కరగదు. ఎద్దులు గానుగ తిప్పి సున్నం నూరిన ఊళ్లు మనవీను; మనం మరిచిపోయాం, అంతే.

అన్నిటికన్నా మాకు నచ్చింది ఒక పొయ్యి. నేల మీద గొంతుక్కూర్చుని, పొగకు కళ్లు నులుముకుంటూ రొట్టెలు కాల్చుకునే ఆడవాళ్ల కోసం మట్టీ సున్నంతో ఎత్తుగా ఓ అరుగు, దాని మీద పొయ్యి, పొగ పోయే గొట్టం. వాననీరు ఇంట్లోకొచ్చినా నిప్పు ఆరదు. నేర్చుకున్నావిడ పొరుగూరికెళ్లి కట్టిపెట్టి, ఇంత అని డబ్బు పుచ్చుకుంటుంది. ఊరికే పంచిపెట్టడం లారీకి గిట్టదు. ఈ పొయ్యికి 2018లో వరల్డ్ హాబిటాట్ అవార్డు వచ్చింది. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ 2023లో ఆవిడకు రాయల్ గోల్డ్ మెడల్ ఇచ్చింది.

అరుగు లేచాక మిగతా పని ఇంటావిడది. పువ్వులో, తీగలో, తనకు తోచిన రంగులో దిద్దుకుంటుంది. వాటికి మాత్రం లారీ ఏ డ్రాయింగూ ఇవ్వరు.